పందొమ్మిది చీటీలు

2012 అక్టోబర్ 18, గురువారం

మ్యూజియంలో పాతకాలపు డాక్టరు గారి అల్మారా తెరిచాం. ఇత్తడి సామాను పందొమ్మిది — పిచికారీలు, చెవి గొట్టం, చెడు రక్తం తీసే గిన్నెలు. ప్రతిదానికీ ఆయన చేత్తో రాసి అంటించిన చీటీ. ఏ రోగికి వాడారో, ఏమైందో. "సుల్తాన్ బజార్ బట్టల సేటు కొడుకు, ఏడేళ్లు. బతికాడు." మన దగ్గర ఇంతకంటే విలువైనది లేదంటారు క్యూరేటర్ సార్. చీటీలన్నిటికీ నకలు రాయడం నా పని.

అక్టోబర్ 20

రాయలేదు. రేపు అశోక్ నగర్ గ్రూప్స్ కోచింగ్‌లో మాక్ టెస్ట్. అల్మారా చాటున పాలిటీ పుస్తకం చదువుతూ కూర్చున్నా. రిజిస్టర్లో మాత్రం "నకలు పూర్తి" అని సంతకం పెట్టేశా. సోమవారం రాసేస్తే సరి.

అక్టోబర్ 22

సోమవారం. రాయలేదు.

అక్టోబర్ 23

రేపు దసరా సెలవు. ఆయుధపూజ ఇవాళే. లక్ష్మమ్మ ఇరవై ఏళ్లుగా ఇక్కడ దుమ్ము దులుపుతోంది, ఏటా పనిముట్లకు బొట్టు పెట్టేది ఆవిడే. పొద్దున అల్మారా ముందు నిలబడి —

"ఇత్తడి గింత నల్లగుంటె పూజల ఎట్ల పెడ్తం బిడ్డా? జర చింతపండేసి తోముత. చీటీలు రాస్కున్నవా?"

"రాసుకున్న."

పుస్తకంలోంచి తలైనా ఎత్తలేదు.

మధ్యాహ్నం చూస్తే అన్నీ తళతళ. పసుపు, కుంకుమ, బంతిపూలు. బకెట్ అడుగున చింతపండు పిప్పితో కలిసిన కాగితం ముద్ద. ఒక్క అక్షరం మిగల్లేదు. లక్ష్మమ్మ పెట్టిన ప్రసాదం తిన్నాను.

అక్టోబర్ 24

హాస్టల్ అక్క జమ్మి ఆకు చేతిలో పెట్టింది. "మొఖం గట్లున్నదేంది?" జ్వరమన్నాను.

అక్టోబర్ 25

సార్ చూశారు. ఆ అరుపులు నారాయణగూడ చౌరస్తా దాకా వినిపించి ఉంటాయి. "ఎవర్నడిగి తోమినవ్?"

లక్ష్మమ్మ నా వైపు చూసింది. "ఎవర్ని అడగలే సార్. నాదే తప్పు."

జనవరిలో రిటైర్మెంట్ ఆవిడకు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డా. సిగ్గులేనిదాన్ని.

వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "నీకు పరీక్షలున్నయ్ గద, నీ పేరెందుకు చెప్పాలె? నువ్వు రాసినయి ఉన్నయ్ గద. సార్‌కు చూపియ్యి, నన్ను ఇడిసిపెడ్తడు."

రాసినవి ఉన్నాయనే నమ్మకంతోనే ఆ తప్పు నెత్తిన వేసుకుంది.

భోజనాల తర్వాత సార్ పిలిచారు. చల్లబడ్డారు. "రిజిస్టర్ చూసిన. నకలు ఉంది కాబట్టి సరిపోయింది. లేకుంటే లక్ష్మమ్మ మీద పైకి రాయాల్సి వచ్చేది. రేపు పదింటికి పట్టుకురామ్మా."

"తెస్తా సార్."

సాయంత్రం, చిక్కడపల్లి లైబ్రరీ

గుర్తున్నవి నాలుగే. రాశాను.

ఐదోది చెవి గొట్టం. ఎవరో ముసలాయన... కాచిగూడ అనుకుంటా. పక్కన పేరుండేది. రామయ్య అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? రాశా. కొట్టేశా. మళ్లీ రాశా.

ఆరోది రక్తం గిన్నె. ఎవరో బాలింత... చివర ఒకే మాట ఉందని మాత్రం గుర్తుంది. బతికింది అనో, పోయింది అనో.

కాగితం మీద కలం పెట్టి కూర్చున్నా. సిరా చుక్క పెద్దదవుతోంది.