దీవి దాటిన సీసా

డాలీగంజ్, పోర్ట్ బ్లెయిర్
(ఇప్పుడు శ్రీ విజయపురం అని రాయాలట, పోస్ట్‌మ్యాన్‌కి రెండూ తెలుసు)
9 నవంబరు 2025

పూర్ణచంద్ర గారికి,

వీరరాఘవయ్య నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. విశాఖపట్నంలో మీరూ, మీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఒకప్పుడు మిమ్మల్ని నువ్వు అనేవాణ్ణి. ఈ "మీరు" గౌరవం కొద్దీ వచ్చింది కాదు, దూరం కొద్దీ వచ్చింది.

మీరు ఇచ్చి తప్పిన ఒక మాట గురించి రాస్తున్నాను. జంగ్లీఘాట్ రేవులో, ఐసుగడ్డలు పగలగొట్టే చప్పుడు మధ్య, నా ఎదుటే ఇచ్చారు. తప్పినవాళ్ళకి ఇలాంటివి గుర్తుండవు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

అప్పుడు మనిద్దరం ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాళ్ళం. చేపలు సూరయ్య, గురమ్మ దంపతుల దగ్గరే కొనేవాళ్ళం. సూరయ్య లోతు నీళ్ళలో గాలాలు వేసేవాడు, గురమ్మ గంపలో పెట్టి అమ్మేది. వాళ్ళమ్మాయి ప్రమోద గంప పక్కన కూర్చుని, అమ్ముడుపోని చెత్తలోంచి వింతవన్నీ ఏరి, ఇదేమిటి మాస్టారూ, అదేమిటి మాస్టారూ అని మన ప్రాణం తీసేది. ఆ గోల పడలేక ఒక పాత పచ్చడి సీసాలో స్పిరిట్ పోసి ఇచ్చాను, దొరికినవి అందులో వేసుకోమని.

ఒకరోజు సూరయ్య గాలం తాడుకి ఒక ప్రాణి చుట్టుకుని వచ్చింది. పీత కాదు, రొయ్య కాదు. రెండింటికీ మధ్యరకం, ముందు కాళ్ళు మాత్రం ఒంటికన్నా పొడుగు. ఆ రేవువాళ్ళకి ఒక ఆచారం ఉంది. పేరు తెలియని ప్రాణి పైకి వస్తే అది గంగమ్మది. అమ్మరు, వండరు, కుంకుమ పెట్టి పొద్దు వాలేలోపు నీళ్ళలో వదిలేస్తారు. తల్లి చూడకుండా ప్రమోద దాన్ని సీసాలో వేసేసింది. వారం తర్వాత మనకు చూపించింది. గురమ్మకి కూడా అప్పుడే తెలిసింది. "గంగమ్మ సొత్తు బాబూ, నా కూతురు సారాలో ఎట్టీసినాది! ఇచ్చీండి, ఒగ్గీసొత్తాను" అని సీసా లాక్కోబోయింది.

అప్పుడు మీరు ఆవిడ గంప అంచు మీద చెయ్యి వేశారు. ఈ సీసా దీవి దాటదు గురమ్మా అన్నారు. సముద్రం కనిపించే మ్యూజియంలో పెట్టిస్తాను, చీటీ మీద నీ కూతురి పేరు రాయిస్తాను, గంగమ్మ దగ్గరున్నట్టే అన్నారు. ఆవిడ నమ్మింది. నా వైపు తిరిగి, "ఈ మాస్టారు కూడా ఇన్నారు" అంది. అలా నేను సాక్షినయ్యాను.

తర్వాత మీకు బదిలీ వచ్చింది. సీసా మీ ట్రంకుపెట్టెలో ఓడెక్కింది. ఏడాది తిరక్కుండా ఆ ప్రాణికి లాటిన్‌లో "తెల్లనిది" అని అర్థం వచ్చే పేరు పెట్టి, శాస్త్ర పత్రికలో మీ ఒక్కరి పేరుతో వ్యాసం వేసుకున్నారు. అందులో ప్రమోద లేదు, సూరయ్య లేడు, చివరికి జంగ్లీఘాట్ కూడా లేదు. "అండమాన్ తీరం" అట. పైగా తెల్లనిదట! స్పిరిట్‌లో వారం ఊరితే ఎర్ర ప్రాణి కూడా సున్నంలా పాలిపోతుందని డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి మనమే చెప్పేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఆ పేరు తలచుకుని ఒంటరిగా నవ్వుకున్నాను. నాకున్న కొద్ది వినోదాల్లో అదొకటి.

సీసా వెళ్ళిన ఏడు రేవులో చేప సరిగా పడలేదు. అసిరమ్మ అనే ఆవిడ అందరూ వినేలా, "ఏటే గురమ్మా, గంగమ్మని సీసాలో ఎట్టి ఎంతకి అమ్మీసినావు?" అని అడిగింది. తర్వాత చేప పడింది, అసిరమ్మ కూడా మరిచిపోయింది. గురమ్మ మరవలేదు. ఇప్పటికీ నేను చేపలకి వెళితే ముందు అడిగేది ఇదే: "మాస్టారూ, మా సీసా వచ్చీసినాదేటి?" నేను తల అడ్డంగా ఊపుతాను. ఆవిడ ఒక చేప ఎక్కువ వేస్తుంది. అది నాకు ఎందుకో చెంపదెబ్బలా ఉంటుంది.

ఇక ప్రమోద సంగతి. ఈ వయసులో నేను మెచ్చుకునే మనుషులు తక్కువ. నా గదిలో పుస్తకాలు చెదలు తిన్నవి పోగా మిగిలినవన్నీ చదివాను, వాటిలో గొప్పవాళ్ళని చాలామందిని కలిశాను. గొప్పతనాన్ని దగ్గరుండి చూసింది మాత్రం ఈ అమ్మాయిలోనే. ఇప్పుడు డాక్టర్ ప్రమోద, లోతు సముద్రపు జీవుల మీద పరిశోధన. పరిశోధన ఓడ మీద ఉద్యోగం వచ్చినప్పుడు బంధువులు అడ్డుపడ్డారు. ఆడవాళ్ళు వేట పడవ ఎక్కకూడదు కదా. సూరయ్య ఒక్క మాటతో నోళ్ళు మూయించాడు. "నా బోటు మీద కాలెట్టొద్దన్నారు, ఎట్టనేదు. సర్కారోడి జహాజుకి మన ఆచారం ఏటి తెలుస్తాది?" అన్నాడు.

అలా ఏనాడూ పడవ ఎక్కని జాలరి బిడ్డ ఓడ ఎక్కగానే కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. ఓడలో పనివాళ్ళు, "మచ్ఛీవాలే కీ బేటీ ఔర్ ఉల్టీ?" అని, జాలరి కూతురికి వాంతులా అని పడిపడి నవ్వారట. "నేను చదివేది సముద్రం అడుగు గురించి భయ్యా, అలల గురించి కాదు" అని మళ్ళీ బకెట్ అందుకుందట. ఇప్పటికీ ప్రతి ప్రయాణంలో మొదటి రోజు బకెట్ పక్కనే ఉంటుంది. పని మాత్రం ఆగదు.

ఓడ రేవులో ఉన్నప్పుడు ఒకసారి నన్ను ఎక్కించి చూపించింది. ఇనుప చట్రంలో కెమెరా బిగించి, ఎర ముక్క కట్టి, కేబుల్‌తో దింపుతారు. కింద చీకటి. మామూలు దీపం వేస్తే అక్కడి ప్రాణులు పారిపోతాయి, అందుకని ఎర్ర దీపం వేస్తారు. ఆ రంగు వాటి కళ్ళకి ఆనదు. ఇక తెర ముందు కూర్చోవడమే. ఒక్కోసారి రోజంతా బురద తప్ప ఏమీ కనిపించదు. "దీదీ, అబ్ ఉఠా లేఁ?" అని, ఇక పైకి లాగేద్దామా అని కేబుల్ దగ్గరవాళ్ళు విసుక్కుంటే, "ఇంకాసేపు భయ్యా, ఇల్లు వాళ్ళది, మనం చుట్టాలం" అంటుందట.

ఎందుకమ్మా, వల వేసి పైకి లాగెయ్యొచ్చు కదా అన్నాను. కొన్ని మెత్తటి ప్రాణులు పైకి వచ్చేసరికి ముద్దయిపోతాయని చెప్పింది. తప్పనిసరైతే ఒకటి తెస్తుంది, లేకపోతే చూసి, రాసుకుని, వదిలేస్తుంది. అది విని గురమ్మ, "అయితే నా కూతురు గంగమ్మకి ఇచ్చీసినట్టే గదా" అంది. ఆవిడ మొహంలో అంత తేట నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. వెంటనే, "ఆ ఒక్క సీసా తప్ప" అంది.

అందుకే ఈ ఉత్తరం. ప్రమోద ఇప్పుడు ఆ పొడుగు కాళ్ళ ప్రాణుల మీద పెద్ద వ్యాసం రాస్తోంది. శాస్త్రంలో పద్ధతి మీకు తెలియనిది కాదు. ఏ నమూనాను చూసి మొదట పేరు పెట్టారో అదే చివరిదాకా సాక్షి. దాన్ని పరీక్షించకుండా ఆ వ్యాసం నిలవదు. అది ఏ మ్యూజియంలోనూ లేదు. మన పాత శిష్యుడు యుగంధర్ మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాడట. హాల్లో షోకేసులో, మీ సన్మానం జ్ఞాపికకీ, పింగాణీ బాతుకీ మధ్య ఉందట. వచ్చినవాళ్ళకి "నేను కనిపెట్టింది" అని చూపిస్తారట.

ఆ సీసా పంపండి. ప్రమోద పరీక్ష అయ్యాక ఇక్కడి మ్యూజియంలో పెట్టిస్తుంది. గురమ్మ వెళ్ళి చూసుకుంటుంది. ఆవిడ చూపు మందగిస్తోంది, మోకాళ్ళు మీవాటికన్నా హీనంగా ఉన్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే సీసా వస్తుంది, అడిగిన మనిషి ఉండదు. మీ నుంచి నేను కోరుతున్నది మేలు కాదు, మీరు గంప మీద చెయ్యి వేసి చెప్పినదే.

ఇట్లు,
ఒకప్పటి మీ సహోద్యోగి,
వీరరాఘవయ్య

తా.క.: ఉత్తరం ఇక్కడితో ఆపి అంటించేద్దామనుకున్నాను. కానీ ఒక సంగతి కూడా రాస్తానని ప్రమోదకి మాట ఇచ్చాను. నాకు మాట తప్పడం చేతకాదు. సిగ్గుతో పంపుతారా లేదా చూద్దామని పైన దాచాను.

విదేశంలో ఒక నిపుణుడు మీ ప్రాణి వేరే జాతే కాదని రాశాడు. అది స్పిరిట్‌లో పాలిపోయిన మామూలు ఎర్ర రకమేనని, మీరు పెట్టిన పేరు కొట్టెయ్యాలని అతని వాదన. చదివి నేను సంతోషించాను. ప్రమోద ఒప్పుకోలేదు. పోయిన మార్చిలో, ఎర్రవి తిరిగే లోతుకి ఇంకా చాలా దిగువన, ఆ కాళ్ళదే ఒకటి తెర మీదకి వచ్చిందట. ఎర్ర దీపం కింద ఎర్రది కూడా తెల్లగానే కనిపిస్తుంది. పారిపోతే పోనీ అని ఒక్క క్షణం తెల్ల దీపం వేయించింది. ఆ క్షణాన్ని ఆమె తెచ్చిన వీడియోలో నేనూ చూశాను. తెల్లగానే ఉంది. పాలలా. మీ సీసాలోది అదేనని ఒంటి మీది ముళ్ళు పోల్చి తేల్చగలిగితే మీ పేరు నిలుస్తుంది. ఆ అమ్మాయి సీసా అడుగుతున్నది మీ కోసం.

నీకెందుకమ్మా ఆయన గొడవ అన్నాను. "చిన్నప్పుడు అది బతికుండగానే తెల్లగా ఉందని నేను చెబితే ఎవరూ నమ్మలేదు మాస్టారూ. ఆయనొక్కరే నమ్మారు" అంది.

ఆమె దానికి మిమ్మల్ని క్షమించింది. నేను సరిగ్గా దానికే క్షమించలేను. పిల్ల మాట నమ్మనివాడు పిల్ల పేరు రాయకపోతే అర్థముంది. నమ్మి, ఆ మాట మీదే పేరు తెచ్చుకుని, చెప్పిందెవరో రాయనివాణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. నిన్నే, పూర్ణచంద్రా.