రోబోకు పెట్టిన బొట్టు

ఆయుధపూజ, తాడిపత్రి.

ఏమండీ,

ఇల్లు కడిగాను, గడపకు పసుపు రాశాను, ఓళిగలు చేసి మొదటిది మీ పటం ముందు పెట్టాను. తర్వాత బండల ఫ్యాక్టరీలో పూజకు వెళ్లాను.

మీ పాలిష్ మిషన్ మీద ఇప్పుడు మన అబ్బాయి మల్లేశు పనిచేస్తున్నాడు కదా. ఈ ఏడు దాని పక్కన రోబోను నిలబెట్టారు. ఒకటే పొడుగాటి ఇనుప చెయ్యి. మీరు ఏటా మిషన్‌కు చేసినట్టే వాడు దానికీ దండ వేసి, మెరుస్తున్న చోట కుంకుమ పెట్టాడు. స్విచ్ వేస్తే అది కదల్లేదు.

"ఏమప్పా మల్లేశూ, పోయి పోయి దాని కంట్లోనే పెట్టినావా బొట్టు!" అని యజమాని నవ్వాడు.

మల్లేశు తన తువ్వాలుతో తుడిచాడు. చెయ్యి లేచి బండను పాలిష్ పట్టసాగింది. అందరితో పాటు వాడూ చప్పట్లు కొట్టాడు.

టెంకాయ ముక్కలు పంచాక యజమాని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మీవాని అడ్వాన్సు కొట్టేసినాలే, కట్టొద్దు. రేపట్నుంచి ఇంకో పని యాడన్నా చూసుకోమను."

"అడ్వాన్సు పూర్తిగా తీర్చొద్దే, బాకీ ఉన్నన్నాళ్లూ మనల్ని ఎవరూ తీసెయ్యరు" అనేవారు మీరు. అందుకే ఏటా కొంచెం మిగిలిస్తూ వచ్చాను. ఆయనకు దండం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడే లెక్కల పుస్తకంలో రాశాను: మల్లేశు అడ్వాన్సు, చెల్లు.