చలి తక్కువుండే తావు

డిసెంబరు, ఆదివారం

బట్టలంగడి రెండు రోజులు మూస్తామని ఈయన చెప్పగానే, పిల్లలు హార్స్‌లీ హిల్స్ అన్నారు. అక్కడి చలికి అత్తమ్మ ఉబ్బసం ముదురుతుందని నా భయం. ఆమేమో, "మీరు పోయి రాండి. నేను ఈడ్నే ఉంటా" అంది. అంటూనే దగ్గింది.

నాకు మనసొప్పలేదు. "చలి తక్కువుండే తావు చూడండి" అన్నాను.

ఈయన ఫోన్‌లో వెతికి, "పాండిచ్చేరి పోదాం. ఆడ చలి శానా తక్కువ, సముద్రం గూడా ఉండాది" అన్నారు.

కోయిలకుంట్ల నుంచి అంత దూరం కారులో వెళ్తే ఆమెకు ఆయాసం వస్తుందేమో... ఇంకా దిగులుగానే ఉంది.

సముద్రం ఆమె ఎన్నడూ చూడలేదు. భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చి, "నీళ్లల్లో దిగాలంటే ఏం చీర కట్టుకోవాలమ్మా?" అని మెల్లగా అడిగింది.

పాత నూలు చీర ఒకటి తీసి పెట్టాను.