ఎరుపు కూడా ఒక క్రియే ఆయమ్మా

ఆయమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే ఇక్కడ జర్మనీలో, లైప్‌జిగ్‌లో నా ప్రాచీన ఈజిప్టు భాష మౌఖిక పరీక్ష జరిగింది. ఇంతకుముందు తప్పిన పరీక్షే, ఇదే చివరి అవకాశం.

ప్రొఫెసరమ్మ నా ముందు ఒక వాక్యం పెట్టింది. అందులో ‘దెషెర్’ అనే మాట ఉంది, ఎరుపు అని అర్థం. ఆ భాషలో ఎరుపు ఒక క్రియ. తినడం, నడవడం లాగే ఎర్రగా అవడాన్నీ ఒక్క మాటలో చెబుతారు. నాకెప్పుడూ అంతుపట్టనిది అదే.

“రంగు క్రియ ఎలా అవుతుంది? మీ భాషలోంచి చెప్పి చూడండి,” అందామె.

నాకు నల్లగొండ హాస్టల్ వరండా గుర్తొచ్చింది. ఆషాఢంలో మా అందరి చేతులకూ నువ్వే మైదాకు నూరి పెట్టేదానివి. తెల్లారగానే మంచాల దగ్గరికొచ్చి, “ఏదీ, పండిందా బిడ్డా?” అని అరచేతులు విప్పించి చూసేదానివి. ఎర్రగా అయిందా అని ఒక్కనాడూ అడగలేదు.

“మా దగ్గర మైదాకు పండుతుందండీ. ఆ ఒక్క క్రియలోనే ఎరుపు ఉంటుంది,” అన్నాను. ఆ తర్వాత దెషెర్ రూపాలన్నీ తడబడకుండా చెప్పాను.

ఆమె నవ్వి, “ఇది మీకెవరు నేర్పారు?” అంది.

“మా హాస్టల్ ఆయమ్మ, ఎల్లమ్మ.”

నీ పేరు రెండుసార్లు పలికి చూసి, తన కాగితం అంచున రాసుకుంది.

పాసయ్యాను ఆయమ్మా. నీకు ఉత్తరమొస్తే నాతోనే చదివించుకునేదానివి. అందుకే ట్రామ్ స్టాపులో నిలబడి దీన్ని కూడా నేనే పైకి చదువుతున్నాను.