చూడకుండా రాసిన బరువు

దిల్‌సుఖ్‌నగర్,
2 అక్టోబరు, 2011.

అమ్మకు అమల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అల్లుడూ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

ఆంధ్రావాళ్లమని మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, బెంగపడకు. సకల జనుల సమ్మెలో బస్సులు లేవు, అంతే. పిల్లల్ని తూచడం కూడా ఉద్యోగమేనా అని అడిగావు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి ఎదకు కట్టుకుంటే ఎంత కోలుకుంటుందో ఐదు దేశాల డాక్టర్లు కలిసి తేలుస్తున్నారమ్మా. ఇక్కడ మేం రాసే బరువూ, కెన్యాలో వాళ్లు రాసే బరువూ ఒకే పట్టికలో చేరతాయి.

నీకొక సంగతి చెప్పాలి. పోయిన సోమవారం అబ్దుల్లాపూర్‌మెట్‌లో భానుప్రియ అనే బాలింత కూతురిని తూచాలి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. భయపడి వెనక్కొచ్చేశాను. ముందు వారం బరువుకు వంద గ్రాములు కలిపి రాసేశాను.

మర్నాడు నైరోబీ నుంచి ఈ పని చూసే పెద్ద డాక్టరమ్మ ఫోన్‌లో, "సమ్మెలో కూడా ఒక్క గడి ఖాళీ వదల్లేదు మీరు" అని మెచ్చుకుంది.

బుధవారం పొద్దున్నే తూచే మిషన్ సంచిలో పెట్టుకుని నడిచాను. హయత్‌నగర్ దగ్గర సమ్మెవాళ్లు ఆపారు.

"ఏడికమ్మా? సమ్మె అని తెల్వదా?" అన్నాడు కనకరాజు అనే పెద్దాయన.

"ఒక పసిబిడ్డను... చూడకుండా బరువు రాసేశానండీ. చూడాలి."

నా యాస విని పక్కవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆయన మాత్రం తన బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు. జల్ది పోదాం."

ముందు వారం పద్దెనిమిది వందల గ్రాములున్న పాప పదిహేను వందలకు దిగిపోయింది. మూడు రోజులుగా పాలు తాగడం లేదట.

"సమ్మెల ఎవలొస్తరని ఊకున్నం బిడ్డా," అని భానుప్రియ అత్త అండాలమ్మ ఏడ్చింది.

బిడ్డను తల్లి ఎదకు కట్టి ఆటో ఎక్కించాను. "దవాఖానకు! జరగుండ్రి!" అని అరుస్తూ కనకరాజు ముందు దారి చేశాడు.

సాయంత్రం మా డాక్టర్ నాగేశ్వరి గారికి అంతా చెప్పాను. ఆవిడ నైరోబీకి ఫోన్ కలిపి నాచేతే చెప్పించారు.

"గడి ఖాళీగా ఉంటే సమ్మె అని అర్థం చేసుకునేవాళ్లం," అంది ఆ పెద్ద డాక్టరమ్మ. "ఇప్పుడు నువ్వు రాసిన ఏ బరువునీ నమ్మలేను."

రెండేళ్లలో నేను తూచిన రెండు వందల పదకొండు మంది పిల్లల్నీ పట్టికలోంచి పక్కన పెట్టారు. మిగతావన్నీ నిజమే అమ్మా. నమ్మండని అడగడానికి నాకు నోరు రాలేదు. ఉద్యోగం సంగతి ఇంకా తేల్చలేదు.

నిన్న దవాఖానకు వెళ్లాను. పాప పాలు తాగుతోంది. వేరే నర్సు తూచి, "పదిహేను వందల అరవై" అంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.

ఇట్లు,
నీ కూతురు
అమల