గిత్త తోక

ఒరేయ్ మర్డో,

కబేళా బండి అక్కర్లేదని చెప్పెయ్. దూడలు వంకరకాళ్లతో, ప్రాణం లేకుండా పుట్టే ఆ వంశపు జబ్బు మన నల్ల గిత్త రక్తంలో లేదట. ఇవాళే ఫలితం వచ్చింది.

పరీక్షకి తోక వెంట్రుకలు పంపితే, మొదటిసారి ల్యాబు వాళ్లు ఇది గుర్రం వెంట్రుక అని రాశారు. అబర్డీన్ పశువుల పోటీకి నేను అతికించిన గుర్రపు వెంట్రుకల పెట్టుడు తోకలోంచి పీకి పంపాడు మీ బావ. పైగా "గుప్పెడు పీకినా కదల్లేదు, ఎంత సాధువో" అని ఊరంతా చెప్పుకున్నాడు.

రెండోసారి అసలు తోక పట్టుకున్నాడు. ఒక్క తన్నుకి నీళ్లతొట్లో పడ్డాడు. ఇప్పుడు ఫలితం చూసిన సంతోషంలో నడుము పట్టుకునే వంటింట్లో గంతులేస్తున్నాడు, ఆగమంటే వినడు.

రేపే నీ పెయ్యల్ని గిత్త దగ్గరికి తోలుకురా. బావ దగ్గర మాత్రం సాధువు మాట ఎత్తకు, నవ్వితే ఆయనకి నడుము ఇంకా పట్టేస్తోంది.

నీ అక్క