తడపని గోడ

నాన్నా,

క్షేమంగా చేరాను. నీకూ సంఘంలో అందరికీ వందనాలు. ఒక్కొక్కరికీ విడిగా రాస్తే కాగితం చాలదు, నువ్వే పంచిపెట్టు.

వరద తీసి రెండు నెలలైనా ఈ ఊరు ఇంకా నిద్ర లేవనట్టే ఉంది. మధ్యాహ్నాలు అసలు కదలవు. ఎండిన బురద పొడిపొడిగా లేచి ఎండలో తేలుతుంటే, వీధిలో మనుషులు నేలకు జానెడు పైన నడుస్తున్నట్టు కనిపిస్తారు. సాయానికొచ్చిన మా చర్చి యువజనులకు దర్జీ అత్త ఇల్లు అప్పగించారు. కొట్టుకుపోయిన రెండు గోడల్నీ మేస్త్రి తాత ఇటుకలతో లేపేశాడు. ప్లాస్టరింగు మా వంతు. పెరట్లో దండెం మీద ఎవరెవరివో బట్టలు, రంగులన్నీ పోయి ఒకటే మట్టిరంగు. "కొలతలిచ్చి వెళ్లారుగా, వస్తార్లే" అంటుంది అత్త, కుట్టుమిషను తుడుచుకుంటూ.

నా అరచేతులు బొబ్బలెక్కాయి. పాస్టరుగారి అమ్మాయినని రోజూ పనికి ముందు ప్రార్థన నా నెత్తినే వేస్తున్నారు. పూత వేసేముందు ఇటుకల మీద ఒక్కొక్కరూ సుద్దతో ఒక వాక్యం రాయడం మావాళ్ల ఆనవాయితీ. తర్వాత గోడ తడుపుతాం కదా, సగం చెరిగిపోతుంది. "దేవుడు చదివేశాడులే" అని నవ్వుకుంటారు. రేపు నా వంతు. ఇక్కడ మా చివరి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి అందరి తరఫునా సాక్ష్యం చెప్పేది కూడా నేనేనట.

నీ పిచ్చుక

నాన్నా,

ఈసారి వందనాలు రాయలేదు. అబద్ధంతో మొదలుపెట్టబుద్ధి కాలేదు.

నా గోడ పూత ఊడిపోయింది. మేస్త్రి తాత తాపీ పిడితో టకటకా కొట్టుకుంటూ వచ్చి నేను చేసిన మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ డొల్లగా మోగింది. "ఇక్కడ నీళ్లు కొట్టలేదా తల్లీ?" అన్నాడు. కొట్టానన్నాను. తాపీ దూర్చి లాగితే చాటంత పెచ్చు ఊడి వచ్చింది. కింద ఎండు ఇటుకలు, వాటి మీద నా రాత చెక్కుచెదరకుండా ఉంది. "అమ్మా, నీకోసం మూడు రోజులు అడిగాను. దేవుడు వినలేదు. ఇంక ఎవర్నీ ఏమీ అడగను."

అందరూ చదివారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పొడి ఇటుక సిమెంటు మాలులో నీళ్లన్నీ పీల్చేస్తుందని, పూత పట్టదని తాత మొదటిరోజే చెప్పాడు. తెలిసే ఆ మూల వదిలేశాను. అమ్మకి రాసింది చెరిగిపోవడం ఇష్టంలేక.

అమ్మ పోయి పద్నాలుగు నెలలు. అప్పట్నుంచి నేను ప్రార్థన చేయడం లేదు నాన్నా, పెదవులు కదుపుతాను, అంతే. నువ్వు ప్రసంగం చెబుతుంటే ముందు బెంచీలో కూర్చుని పైకప్పు చెక్కలు లెక్కపెడతాను. నలభై నాలుగు. సమాధి దగ్గర నేను ఏడవలేదని, ఎంత నిబ్బరమోనని అందరూ మెచ్చుకున్నారు. అది నిబ్బరం కాదు, కోపం. నిన్న దండెం మీది బట్టల వెనక అమ్మ నడిచి వెళ్లినట్టనిపించింది. పరుగెత్తుకెళ్లి చూస్తే గాలికి ఓ దుప్పటి ఊగుతోంది.

దర్జీ అత్త తిట్టలేదు. "ఆ మూల తడపందే నా ఇల్లు నిలవదమ్మాయ్. ఎప్పుడు తడుపుతావో నువ్వే చెప్పు, ఆగుతాను" అంది. ఇల్లంతా పూర్తయింది, అదొక్కటే మిగిలింది. బక్కెట్టు పట్టుకుని రెండుసార్లు వెళ్లాను. చెయ్యి రాలేదు.

ఆదివారం సాక్ష్యం చెప్పలేను. నీకు తలవంపులు తెస్తున్నాను. ఇంటికి రమ్మంటావా?

పిచ్చుక

పిచ్చుకా,

నేనూ వందనాలు రాయడం లేదు.

నీ ఉత్తరం గుడిలో, ముందు బెంచీలో నీ చోట కూర్చుని చదివాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కిటికీ ఎండ గోడ మీంచి నేల మీదికి దిగివచ్చేసింది. చెక్కలు నలభై ఆరు. దూలం చాటున రెండు ఉన్నాయి, నీ చోటునుంచి వంగితేగాని కనపడవు.

ఆస్పత్రి వరండాలో నిన్ను మోకరింపజేసింది నేనే కదా. అడుగుదాం రా, వింటాడు అన్నది నేనే. ఆ తర్వాత ఒంటరిగా మోకరించిన ప్రతిసారీ నాకు నోట మాట రాలేదు. ఈ పద్నాలుగు నెలల ప్రసంగాలన్నీ పాత నోటు పుస్తకాల్లోవే. మీ అమ్మ ఉంటే మొదటి వారమే పట్టేసేది. నీ ముందు కన్నీళ్లు పెట్టుకోకూడదని రాయిలా నిలబడ్డాను. నువ్వు నన్ను చూసే నేర్చుకున్నావు తల్లీ. నేనూ తడపకుండానే పూత వేశాను.

పొద్దున సంఘపెద్దలతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాళ్లలో పెద్దాయన, "రెండు ఆదివారాలు మేం పాటలు పాడుకుంటాం. మీరు అమ్మాయి దగ్గరికి వెళ్లిరండి" అన్నాడు.

సాక్ష్యం చెప్పకపోతే ఆకాశమేమీ ఊడిపడదు. ఇంటికి రావద్దు, నేనే వస్తున్నాను, శనివారం మధ్యాహ్నం బస్సుకి. మీ నాన్నకి తాపీ పట్టడం చేతకాదని మేస్త్రి తాతకి ముందే చెప్పు. దర్జీ అత్తని అడిగి రెండో బక్కెట్టు తీసిపెట్టు. ఆ మూల మనిద్దరం తడుపుదాం.

నాన్న